వచ్చినవాడికి రూల్ రాశారు, ఇంటికి ఎవరు రాస్తారు?

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖల ఉన్నతాధికారులకు, జిల్లా కలెక్టర్లకు,

నమస్కారం.

కోవిడ్ పోయి ఏళ్లయింది, ఇప్పుడీ ఉత్తరం దేనికని మీకు అనిపించవచ్చు. రోగం ఊళ్లోకి వచ్చాక రూల్స్ రాయడానికి కూర్చుంటే ఎట్లా ఉంటుందో 2020 మార్చిలో మనందరం చూశాం. పొద్దున ఒక ఆదేశం, సాయంత్రానికి ఇంకోటి. హైదరాబాద్‌లో హాస్టళ్లు ఖాళీ చేసిన పిల్లలు పోలీసులిచ్చిన పాసులు పట్టుకొని సొంతూళ్లకు బయల్దేరితే ఆంధ్ర సరిహద్దులోని గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయారు. ఇవతలి రాష్ట్రం వెళ్లమంది, అవతలి రాష్ట్రం పద్నాలుగు రోజులు క్వారంటైన్‌కు ఒప్పుకుంటేనే రమ్మంది. అందుకే తీరిక ఉన్నప్పుడే ఈ పని కావాలంటున్నాను. 1897 నాటి అంటువ్యాధుల చట్టం మీద లా కమిషన్ 2024 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చింది. 2025 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాలు మహమ్మారి ఒప్పందాన్ని ఆమోదించాయి. పైన అంత పెద్ద విషయాలు నడుస్తుంటే, బయటి దేశాల నుంచి వచ్చినవాళ్లూ వాళ్ల ఇంట్లోవాళ్లూ ఏం చేయాలనే చిన్న సంగతి మన జిల్లాల్లో ఇంకా తేలలేదు. అది తేల్చమని అడగడానికే ఈ లేఖ.

నేను జగిత్యాల వైపు ఏఎన్ఎంగా, తర్వాత సూపర్‌వైజర్‌గా పనిచేసి రిటైరయ్యాను. మా ఊళ్లలో దుబాయ్‌కో మస్కట్‌కో సౌదీకో మనిషి పోని వాడకట్టు ఉండదు. నిజామాబాద్, కామారెడ్డి, సిరిసిల్ల వైపూ ఇదే కథ. రాజంపేట, రాయచోటి, కోనసీమ నుంచి కువైట్‌కు ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్ల సంగతి మీకు తెలిసిందే. తెలంగాణలో మొదటి కోవిడ్ కేసు దుబాయ్ వెళ్లొచ్చిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగిది, ఆంధ్రప్రదేశ్‌లో మొదటిది ఇటలీ నుంచి నెల్లూరు వచ్చిన విద్యార్థిది. అందుకో ఏమో, ఫారిన్ రిటర్న్ అనగానే ఆఫీసుల్లో అందరి మనసులో ఒక ఫ్లాటు, ఫ్లాటులో ఒక బెడ్‌రూం, దానికో అటాచ్డ్ బాత్రూం మెదిలాయి. రూల్ కూడా ఆ ఫ్లాటుకే సరిపోయేలా తయారైంది.

కేంద్ర ఆరోగ్య శాఖ అప్పట్లో ఇచ్చిన హోం క్వారంటైన్ మార్గదర్శకాలు ఒకసారి మళ్లీ తీసి చదవండి. గాలి ఆడే ప్రత్యేక గది, వీలైతే దానికే బాత్రూం. అదే గదిలో ఇంకొకరు ఉండక తప్పకపోతే కనీసం ఒక మీటరు ఎడం. ముసలివాళ్లకు, గర్భిణులకు, పిల్లలకు దూరంగా ఉండాలి. చూసుకోవడానికి ఇంట్లో ఒక్క మనిషినే పెట్టాలి. చుట్టాలు రాకూడదు. వాడిన బట్టలు దులపకూడదు. చేతులు తగిలే చోట్లను ఒక శాతం సోడియం హైపోక్లోరైట్‌తో తుడవాలి. వైద్యం సంగతి వరకు ఇందులో వంక పెట్టడానికి ఏమీ లేదు. నేనూ ఇవే ఇంటింటికీ తిరిగి చెప్పాను. ప్రత్యేక గది అనే మాట వచ్చేసరికి వింటున్నవాళ్లు తల తిప్పి తమ ఇంటిని తామే ఒకసారి చూసుకునేవాళ్లు. రెండు అర్రలు, ముందు రేకుల షెడ్డు, పెరట్లో బాత్రూం. అక్కడికి పోవాలంటే వంటింట్లోంచే పోవాలి. షుగర్ ఉన్న అత్తమ్మ మంచం ఆ దారిలోనే ఉంటుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో మూడో వంతుకు పైగా కుటుంబాలు ఒకే గదిలో బతుకుతున్నాయి. ఆ లెక్క ప్రభుత్వం దగ్గర ఏళ్ల తరబడి ఉండగానే ఈ మార్గదర్శకాలు వచ్చాయి.

గది లేనివాళ్లు ఏం చేశారంటే, తోచింది చేశారు. 2021 మేలో నల్గొండ జిల్లాలోని ఒక తండాలో పాజిటివ్ వచ్చిన కుర్రాడు ఇంట్లో విడిగా ఉండే చోటు లేక చెట్టు మీద మంచం కట్టుకొని రోజుల తరబడి అక్కడే ఉన్నాడు. పేపర్లు ఆ ఫొటో వేసి, ఎంత బుద్ధిమంతుడో అని మెచ్చుకున్నాయి. నాకైతే ఆ మెచ్చుకోలు మింగుడు పడలేదు. మా వైపు చాలామంది బాయికాడ మోటరు రూంలో ఉన్నారు. పాములు, దోమలు, రాత్రిళ్లు కరెంటు ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేదు. అయినా ఇంట్లో పసిపిల్ల ఉందని పాపం వాళ్లంతట వాళ్లే పోయారు. లిస్టులో మాత్రం ఇంటి నంబరే ఉంటుంది. తనిఖీకి వచ్చినవాళ్లు తలుపు కొట్టి, మనిషి లేడని రాసుకొని పోతారు. రూల్ ఉద్దేశాన్ని అందరికంటే బాగా పాటించినవాడు కాగితం మీద రూల్ తప్పినవాడయ్యాడు. ఇంట్లో వీలుకాకపోతే పొలం దగ్గరి గదిలోనైనా, ఖాళీగా ఉన్న చుట్టాల ఇంట్లోనైనా ఉండవచ్చు, ఆశా కార్యకర్తకు చెబితే చాలు అని ఒక్క వాక్యం రాసి ఉంటే సరిపోయేది.

ఇక అసలు విషయానికి వస్తాను. అప్పటి మార్గదర్శకాల ప్రకారం క్వారంటైన్ వచ్చిన మనిషికే. ఇంట్లోవాళ్లకు అది ఎప్పుడు వర్తిస్తుందంటే, ఆ మనిషికి లక్షణాలు కనిపించాక. అప్పుడు దగ్గరగా మెలిగినవాళ్లంతా పద్నాలుగు రోజులు ఇంట్లో ఉండాలి, ఆ తర్వాత ఇంకో పద్నాలుగు రోజులు గానీ, అతని పరీక్ష నెగెటివ్ అని తేలేదాకా గానీ కనిపెట్టి ఉండాలి. అంటే పదో రోజున అతనికి దగ్గు మొదలైతే, ఆ పది రోజులూ భార్య సంతకు పోయింది, తమ్ముడు ట్రాక్టర్ తోలాడు, పిల్లలు వాడకట్టంతా తిరిగారు. లక్షణాలు బయటపడకముందే ఈ వైరస్ అంటుకుంటుందని తర్వాత అందరికీ తెలిసింది. ఊళ్లోవాళ్లకు ఆ శాస్త్రం తెలియదు కానీ అనుమానం ముందే వచ్చింది. ప్రభుత్వం ఇంట్లోవాళ్ల గురించి స్పష్టంగా ఏమీ చెప్పకపోయేసరికి ఊరే తన రూల్ తను పెట్టుకుంది. ఊరి రూల్‌లో పద్నాలుగు రోజులూ ఉండవు, గడువూ ఉండదు.

అది ఎట్లా ఉంటుందో చెప్తాను. మా దగ్గర గల్ఫ్ ఇల్లూ బీడీల ఇల్లూ చాలావరకు ఒకటే. మగమనిషి దుబాయ్‌లో ఉంటాడు, ఆడమనిషి ఇంట్లో బీడీలు చుడుతుంది. తునికాకు, తంబాకు కార్ఖానా నుంచి తెచ్చుకోవాలి, చుట్టిన కట్టలు అక్కడే అప్పగించాలి. ఇంటికి మనిషి వచ్చాడని తెలిసిన రోజు నుంచి ఆమె కట్టలు తీసుకోరు, ఆకు ఇవ్వరు. పాలు పోయడానికి పోతే క్యాను ముట్టుకోరు. ఉపాధి పనిలో ఆమె పక్కన ఎవరూ తట్ట పట్టరు. ఇవన్నీ నేను కళ్లారా చూసినవి. చేసినవాళ్లు చెడ్డవాళ్లని కూడా అనను. ఎవరి భయం వాళ్లది. వాళ్ల భయానికి సమాధానం చెప్పే కాగితం ఒక్కటి కూడా నా చేతిలో లేదు. భర్త పనిపోయి ఖాళీ చేతులతో వచ్చాడు, వచ్చీరాగానే భార్య సంపాదన కూడా ఆగింది. అట్లాంటి ఇంటికి పోయి సబ్బుతో ఇరవై సెకన్లు చేతులు కడుక్కోమ్మా అని చెప్పి వచ్చేదాన్ని.

కూలి గురించి మాట్లాడకుండా ఇంట్లో ఉండమంటే, చాలామందికి అది ఉపవాసం ఉండమనడమే. ఇంగ్లండ్‌లో 2020 సెప్టెంబర్ చివర్లో, ఐసోలేషన్‌లో ఉండాల్సి వచ్చి ఇంటి నుంచి పని చేయలేని తక్కువ జీతాలవాళ్లకు 500 పౌండ్లు ఇవ్వడం మొదలుపెట్టారు. మనవాళ్లు ఎంతోమంది పనిచేసే సింగపూర్‌లో క్వారంటైన్ ఆర్డర్ అందుకున్న సొంత పనివాళ్లకు రోజుకు 100 సింగపూర్ డాలర్లు ఇచ్చారు. ధనిక దేశాలతో పోలికేంటి అంటారేమో. ఆంధ్రప్రదేశ్‌లోనే 2020 ఏప్రిల్‌లో, క్వారంటైన్ కేంద్రాల నుంచి ఇంటికి వెళ్లే పేదలకు 2,000 రూపాయలు ఇవ్వాలని నిర్ణయించారు. మంచి ఆలోచన. కానీ అది కేంద్రానికి వెళ్లి వచ్చినవాళ్లకు. ఇంట్లోనే తలుపు వేసుకొని కూర్చున్న కుటుంబం అదే నష్టం పడింది, దానికి ఏ లెక్కా లేదు. కేరళలో స్థానిక సంస్థలు కమ్యూనిటీ కిచెన్లు పెట్టి క్వారంటైన్‌లో ఉన్న ఇళ్లకు భోజనం పంపించాయి. మనకు స్వయం సహాయక సంఘాలు లేవా, అంగన్వాడీలు లేవా?

డబ్బుల మాట వచ్చింది కాబట్టి హోటళ్ల సంగతి కూడా చెప్పాలి. విదేశాల్లో చిక్కుకున్నవాళ్లను తీసుకొచ్చిన వందే భారత్ విమానాలు 2020 మే 7న మొదలయ్యాయి. ఆ నెల 24న కేంద్రం ఇచ్చిన ఉత్తర్వుల ప్రకారం బయటి నుంచి వచ్చినవాళ్లు ఏడు రోజులు సొంత ఖర్చుతో బయట క్వారంటైన్‌లో, తర్వాత ఏడు రోజులు ఇంట్లో ఉండాలి. కంపెనీ మూతపడి, నెలల జీతం ఎగవేతకు గురై, టికెట్‌కు కూడా చందాలు వేసుకొని వచ్చిన కూలీ హోటల్ బిల్లు ఎక్కడి నుంచి కట్టాలి? భారతదేశం కట్టుబడి ఉన్న అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు 2005లో 40వ అధికరణం ఉంది. నివాసం కోసం వచ్చేవాళ్లను మినహాయిస్తే, ప్రయాణికులకు విధించే ఐసోలేషన్‌కు, క్వారంటైన్‌కు రుసుము తీసుకోకూడదని అది చెబుతోంది. వాళ్ల గౌరవం కాపాడుతూ తిండి, నీళ్లు, వసతి చూడాలని 32వ అధికరణం చెబుతోంది. పరాయి దేశస్థుడి పట్ల ఇంత మర్యాద పాటించాలని ఉన్నప్పుడు సొంత మనిషి దగ్గర బిల్లు వసూలు చేయడం నాకు న్యాయంగా తోచలేదు. రాష్ట్రాలు కట్టలేకపోతే విదేశాంగ శాఖ దగ్గరున్న సంక్షేమ నిధుల నుంచి అడగాలి. ఏళ్ల తరబడి డబ్బు పంపి ఊళ్లను నిలబెట్టినవాళ్లు వీళ్లు.

ఎయిర్‌పోర్టుకూ ఇంటి గడపకూ మధ్య ఏం జరుగుతుందో ఎవరూ పట్టించుకోలేదు. శంషాబాద్‌లో దిగినవాడు మా వైపు చేరాలంటే రెండు వందల కిలోమీటర్లకు పైమాటే. గల్ఫ్ నుంచి మనిషి వస్తున్నాడంటే తుఫాన్ బండి మాట్లాడుకొని తమ్ముడు, బామ్మర్ది, పిల్లలు అందరూ ఎదురుపోతారు. అన్ని గంటలు అద్దాలు మూసిన బండిలో కబుర్లు, మధ్యలో సిద్దిపేట దగ్గరో ఇంకెక్కడో ఛాయ్. యూఏఈ, ఖతార్, ఒమన్, కువైట్ల నుంచి వచ్చేవాళ్లకు 14 రోజుల క్వారంటైన్ తప్పనిసరి చేసింది 2020 మార్చి 18 నుంచి. ఆ తర్వాత కూడా ఇంటికి చేరే దారి గురించి గట్టిగా చెప్పినవాళ్లు లేరు. మనిషి గదిలోకి వెళ్లేసరికి క్వారంటైన్‌లో ఉండాల్సినవాళ్లు బండినిండా ఉంటారు. జిల్లాకో ఆర్టీసీ బస్సు ఎయిర్‌పోర్టు దగ్గర పెట్టి, ఎదురు రావద్దని ముందే ఫోన్ చేసి చెబితే సగం పని అయిపోతుంది.

ఆడవాళ్ల గురించి ఒక మాట. చూసుకోవడానికి ఒక్క మనిషిని పెట్టుకోమన్నారు కదా, ఆ ఒక్క మనిషి ఎవరో రూల్‌లో లేకపోయినా అందరికీ తెలుసు. వంట ఆమెదే, గిన్నెలు ఆమెవే, అత్తమ్మ మందులు ఆమెవే. వీళ్లందరికీ దూరంగా ఉండాల్సింది కూడా ఆమే! ఇక వచ్చింది ఆడమనిషే అయితే కథ ఇంకో రకం. కువైట్‌లో ఏళ్ల తరబడి ఇంకొకరి ఇంట్లో వండి వడ్డించి వచ్చిన తల్లి ఇంటికి రాగానే గదిలో కూర్చుంటే, నాలుగో రోజుకల్లా ఇంట్లో సణుగుడు మొదలవుతుంది. జ్వరం లేదు కదా, లేచి కాస్త అన్నం వండరాదా అంటారు. మీ ఉత్తర్వులో వచ్చినవాళ్లు ఆడవాళ్లయినా వంటపని చేయకూడదు, ఇంట్లో ఇంకొకరు చేయాలి అని విడిగా, పెద్ద అక్షరాలతో రాయండి. నవ్వులాటకు చెప్పడం లేదు. ప్రభుత్వం రాసింది చూపిస్తే వినే మగవాళ్లున్నారు, నేను చెబితే వినేవాళ్లు తక్కువ.

చావు గురించి కూడా రాయక తప్పదు. గర్భిణులకు, పదేళ్లలోపు పిల్లలతో వచ్చినవాళ్లకు, ఇంట్లో చావు జరిగినవాళ్లకు, తీవ్ర అనారోగ్యం ఉన్నవాళ్లకు హోటల్ నుంచి మినహాయింపు ఇచ్చి, పద్నాలుగు రోజులూ ఇంట్లోనే ఉండవచ్చన్నారు. మనసున్న మినహాయింపు. కానీ తండ్రి పోయాడని వచ్చిన కొడుకు ఇంటికి చేరాక ఏం చేయాలి? గదిలో కూర్చోవాలా, తలకొరివి పెట్టాలా? అంత్యక్రియలకు ఇరవై మందికి మించకూడదన్నారు సరే, ఆ ఇరవై మందిలో ఇతను ఉండొచ్చా? ఎవరినడిగినా మీ ఇష్టం, మాకు తెలియదు అనేవాళ్లు. మాస్కు, గ్లౌజులు వేసుకొని, మిగతావాళ్లు దూరంగా నిలబడేట్టు చేసి, ఆ ఒక్క గంట పోనివ్వవచ్చా లేదా అనేది డాక్టర్లు కూర్చుంటే అరగంటలో తేల్చే విషయం. తేల్చకుండా వదిలేస్తే చావింట్లో గొడవలవుతాయి. పోలీసు వస్తాడు, పెద్దమనుషులు వస్తారు, జనం గుమిగూడతారు. వద్దనుకున్నదే జరుగుతుంది.

ముద్రలూ స్టిక్కర్లూ ఎంత పనిచేశాయో కూడా ఒకసారి వెనక్కి చూసుకోండి. చేతిమీద క్వారంటైన్ ముద్ర ఉన్న దంపతులు రాజధాని ఎక్స్‌ప్రెస్‌లో కనిపిస్తే తోటి ప్రయాణికులు గోల చేసి కాజీపేటలో దింపించారు. ముద్ర వాళ్లను రైలు ఎక్కకుండా ఆపలేకపోయింది, జనంలో భయం మాత్రం పెంచింది. ఇళ్ల ముందు అంటించిన పోస్టర్ల మీద సుప్రీంకోర్టు దాకా కేసు వెళ్లింది. విపత్తు నిర్వహణ చట్టం కింద సంబంధిత అధికారి ప్రత్యేకంగా ఆదేశిస్తే తప్ప కోవిడ్ రోగుల ఇళ్లకు పోస్టర్లు అంటించకూడదని 2020 డిసెంబర్‌లో కోర్టు చెప్పింది. ఇక క్వారంటైన్ తప్పితే పాస్‌పోర్టు పోతుందన్న హెచ్చరిక మా వైపు వేరేగా వినిపించింది. గల్ఫ్ కూలీకి పాస్‌పోర్టు అంటే పొలం పట్టాలాంటిది. అది పోతుందంటే అతను క్వారంటైన్‌లో బుద్ధిగా ఉండడు, అసలు వచ్చిన సంగతే చెప్పడు. రాత్రి పూట వచ్చి అత్తగారి ఊళ్లో ఉండిపోతాడు. దగ్గు వస్తే మెడికల్ షాపులో గోలీలు కొనుక్కుంటాడు. శిక్ష వద్దనడం లేదు. తెలిసి తెలిసి రోగం పంచేవాడికి పాత ఐపీసీలో 270 ఉండేది, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 272 ఉంది. అది వాడాల్సిన చోట వాడండి. తలుపు తెరిచి సిస్టరమ్మా, నిన్న వచ్చాను అని చెప్పినవాడి మీద కేసు భయం పెట్టొద్దు.

నేను కోరేది పెద్దదేం కాదు. ఉత్తర్వు రాసేటప్పుడు మనిషి పేరుతో పాటు ఇంటిని కూడా లెక్కలోకి తీసుకోండి. మనిషి దిగకముందే ఆశా ఆ ఇంటికి వెళ్లి గదులెన్ని, బాత్రూం ఎక్కడ, ముసలివాళ్లు, బాలింతలు, పిల్లలు ఎంతమంది, ఇల్లు గడిచేది ఎవరి సంపాదనతో అని రాసుకుంటే, ఇతను ఇంట్లో ఉండగలడా లేదా అప్పుడే తెలిసిపోతుంది. వీలుకాని ఇళ్లవాళ్లకు మండలంలోనే ఉచితంగా ఒక చోటు చూపించాలి. రెసిడెన్షియల్ స్కూల్ అయినా, ఫంక్షన్ హాల్ అయినా ఫర్వాలేదు. ఆడవాళ్లకు విడిగా, గొళ్లెం ఉన్న బాత్రూంతో. ఇంట్లోనే ఉంటామన్నవాళ్లకు రెండు దారులు పెట్టండి. విడిగా గది, బాత్రూం ఉంటే అతనొక్కడే లోపల, మిగతావాళ్లు పనికి పోవచ్చు. అట్లా కుదరకపోతే ఇల్లంతా లోపలే ఉండాలి, ఆ రోజులకు ఉపాధి హామీ కూలి ఎంతో అంత, పనిచేసే ప్రతి మనిషికీ ఖాతాలో వేయాలి. ఏ దారి అన్నది ఇంటివాళ్లు తేల్చుకోవాలి. వైరస్‌ను బట్టి రోజులు మారతాయి. 2021 డిసెంబర్‌లో ఒమిక్రాన్ అప్పుడు రిస్క్ దేశాల నుంచి వచ్చినవాళ్లకు ఏడు రోజులు ఇంట్లో, ఎనిమిదో రోజు పరీక్ష అన్నారు. ఎన్ని రోజులైనా పెట్టండి, ఇంట్లోవాళ్లకు లెక్క ఏ రోజు నుంచి మొదలవుతుందో మాత్రం తప్పకుండా రాయండి.

ముగిసిన రోజు ఒక కాగితం ఇవ్వండి. ఫలానా ఇంటికి క్వారంటైన్ ఫలానా తేదీతో అయిపోయింది, ఇక ఎవరూ అడ్డు చెప్పకూడదు అని, పీహెచ్‌సీ డాక్టర్ సంతకం, ముద్రతో. ఒక నకలు పంచాయతీకి, ఒకటి బడికి, ఒకటి బీడీ కార్ఖానాకు. మొదలుపెట్టేటప్పుడు ఇద్దరు పోలీసులతో వచ్చి చెప్పి, అయిపోయాక ఎవరూ రాకపోతే ఊరు నమ్మదు.

ముసాయిదా తయారైతే ఇంగ్లిషులో వెబ్‌సైట్‌లో పెట్టి ఊరుకోవద్దు. తెలుగులో, ఉర్దూలో అచ్చు వేయించి గల్ఫ్ కుటుంబాలు ఎక్కువున్న ఊళ్ల గ్రామసభల్లో చదివించండి. దుబాయ్, కువైట్‌లలో ఉన్న మనవాళ్ల సంఘాలకు కూడా పంపండి. అభ్యంతరాలు చెప్పుకోవడానికి కనీసం ఒక నెల గడువు ఇవ్వండి. మొదటి గ్రామసభ మా మండలంలో పెడతామంటే మనుషుల్ని కూడగట్టే పని నేను చూసుకుంటాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హెల్త్ సూపర్‌వైజర్,
జగిత్యాల జిల్లా